పసుపు చాపకు నూరు మార్కులు

ఉత్తర్వు వచ్చిన నిమిషంలో నేను మూడో తరగతి పిల్లలచేత పన్నెండో ఎక్కం చెప్పిస్తున్నాను. సరిగ్గా పన్నెండు ఏడ్ల దగ్గర హెడ్మాస్టరు గవరయ్య గారు గుమ్మంలోకి వచ్చి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని, ఫోనును చెయ్యంత దూరంలో పట్టుకున్నారు.

"ఏటమ్మా హైమవతీ, నీకు ఫ్రెంచి కూడా వచ్చా? ఇన్నాళ్లూ చెప్పనేదేటి?"

"రాదండీ," అన్నాను.

"రాకపోడమేటి? వచ్చని గవుర్మెంటు రాసింది కదా. విజయవాడ డిప్యుటేషనంట. రేపే వదిలీమన్నారు."

విజయవాడ అన్న మాట తర్వాత నాకేమీ వినపడలేదు. పన్నెండు ఏడ్లు ఎంతో చెబుతానని పిల్లలు నా మొహంలోకి చూస్తున్నారు. "ఎంతైనా పరవాలేదర్రా," అన్నాను. టీచరుగా నేను చెప్పిన మొదటి తప్పు అదే. అంత ఆనందంగా ఏ తప్పూ చెప్పలేదు.

నాకు పెళ్లయి అప్పటికి నలభై ఒక్క రోజులు. అందులో నేనూ మా ఆయన మురారీ ఒకే ఊళ్లో ఉన్నవి ఏడు రోజులు. ఆయన విజయవాడలో భూగర్భ జలాల శాఖలో బావుల లోతు కొలుస్తారు. నాదేమో పార్వతీపురం అవతల, కొండ కింద బడి. భార్యాభర్తల కోటాలో బదిలీకి పెట్టుకున్న మా అర్జీ పరిశీలనలో ఉందని మూడుసార్లు జవాబు వచ్చింది. నాలుగోసారి, పరిశీలన ఎంతవరకు వచ్చిందన్నది పరిశీలనలో ఉందని వచ్చింది. అలాంటిది, అడగని ఉద్యోగం అడిగిన ఊళ్లో వచ్చి వాలింది.

ఫ్రెంచి సంగతి చెప్పాలి. ఇంటర్లో చేరినప్పుడు కాలేజీ వాళ్లు మా నాన్నతో, "తెలుగు తీసుకుంటే ఎనభై దాటవు. సంస్కృతానికి తొంభై ఎనిమిది గ్యారంటీ. కానీ ఆ సెక్షను నిండిపోయింది, ఫ్రెంచిలో రాయండి," అన్నారు. రాశాం. రెండేళ్లలో ఏడు జవాబులు బట్టీపట్టాను. ఎనిమిదోది రాకుండా మా లెక్చరరు చూసుకున్నారు. తొంభై ఎనిమిది వచ్చాయి. మార్జిన్ గీత వంకరగా ఉన్నందుకు రెండు పోయాయి. ప్రభుత్వం కంప్యూటరులో వెతికితే, ఉపాధ్యాయుల్లో ఫ్రెంచి మార్కులు అందరికన్నా ఎక్కువున్నది నాకేనని తేలింది. అంతే, భాషా నిపుణురాలినైపోయాను.

మా ఇల్లు రెండో అంతస్తు. బాల్కనీలో రెండు కుర్చీలు పట్టవు. ఒక కుర్చీ బాల్కనీలో, ఒకటి గదిలో వేసుకుని, మధ్య గుమ్మం మీద కాఫీ గ్లాసులు పెట్టుకుంటాం. మొదటిరోజు స్నానాల గదిలో ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు చూసి నేను రెండుసార్లు వెళ్లి లైటు వేసి చూసుకున్నాను. ఉత్తర్వు చివరి పేరా మాత్రం చిన్న అక్షరాల్లో ఉంది: డిప్యుటేషన్ మూడు నెలలు. మొదటి బ్యాచి శిశువుల ఫలితాలు నూటికి నూరు శాతం ఉంటే పొడిగింపు. ఒక్క శాతం తగ్గినా తిరిగి పార్వతీపురం.

"శిశువుల ఫలితాలేంటి?" అన్నారు మురారి.

"రేపు తెలుస్తుంది లెండి," అన్నాను. అప్పటికి నాకు రేపు అన్న మాటే పండగలా ఉంది.

రాష్ట్ర శిశు విదేశీ భాషా దృశ్య బోధనా మండలి ఒక పాత గోడౌన్లో ఉంది. సంచాలకులు భుజంగరావు గారు నన్ను కూర్చోబెట్టి మండలి పుట్టుక చెప్పారు.

"గత ఏడాది మన ఉన్నత స్థాయి బృందం ఫ్రాన్సు దేశంలో పర్యటించిందమ్మా. అక్కడ రెండేళ్ల పసివాడు, తల్లి చంకలో ఉండి, ఫ్రెంచి అనర్గళంగా మాట్లాడుతుండగా సదరు బృందం కళ్లారా చూసింది. మన రాష్ట్రంలో అదే వయసు శిశువు ఒక్కడంటే ఒక్కడు ఫ్రెంచి మాట్లాడ్డం లేదు. ఈ అంతరాన్ని కాలబద్ధంగా పూడ్చవలసిన అవసరం ఎంతైనా ఉంది."

"నిజమేనండీ," అన్నాను. బాల్కనీ గుర్తొచ్చి, ఇంకొంచెం గట్టిగా, "చాలా నిజమండీ," అన్నాను.

పది నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లలు నలభై మందిని ఎంపిక చేశారు. వాళ్ల తల్లుల ఫోన్లకు మండలి వీడియోలు పంపుతుంది. ఆ వీడియోలు తీయాల్సింది నేనూ, కెమెరామన్ ఇమ్మానుయేలూ. ఇమ్మానుయేలు పద్నాలుగేళ్లు పెళ్లి వీడియోలు తీసిన మనిషి.

నేను, మురారి కలిసి పాత నిఘంటువు ఒకటి సంపాదించాం. రాత్రి అన్నాల దగ్గర ఒక్కో మాట పలికి చూసుకునేవాళ్లం. మురారి తన నల్ల మేజోడు ఒకటి తెచ్చి, రెండు చొక్కా గుండీలు కుట్టి, కాకిని చేశారు. కాకమ్మ అని పేరు పెట్టాం. రెండో మేజోడు ఇంకా దండెం మీదే ఉంది, విధవరాలైనట్టు.

మొదటి వీడియో రెండు నిమిషాల నలభై సెకన్లు. కాకమ్మ కిటికీలోంచి తొంగిచూసి "బోంజూర్" అంటుంది, అంటే ఫ్రెంచిలో నమస్కారం. నేను "బోంజూర్" అంటాను. కాకమ్మ దాక్కుంటుంది. మళ్లీ వస్తుంది. అంతే. ఇమ్మానుయేలు నన్ను తామరపువ్వులోంచి పైకి తేల్చి, బోంజూర్ అన్నప్పుడల్లా గులాబీ రేకలు కురిపించాడు.

"రేకలు ఎందుకు ఇమ్మానుయేలు గారూ?"

"మేడం గారూ, నాకు తెలిసినంతలో రేకలు పడకపోతే దాన్ని వీడియో అనరండి. తామర వద్దంటే తీసేస్తా. రేకలు మాత్రం ఉండాల్సిందే."

మా కింది ఇంట్లో కుసుమ ఉంటుంది. ఆమె కూతురు మేఘనకు పదమూడు నెలలు. నలభై మందిలో మేఘన పేరు కూడా ఉంది. వీడియో ముందు దానికే చూపించాను. కాకమ్మ దాక్కున్నప్పుడల్లా మేఘన ఫోను వెనక్కి వెళ్లి వెతికింది. పదకొండుసార్లు వేయించుకుంది. పన్నెండోసారి ఫోను చప్పరించింది. అంతకన్నా మెప్పు ఏ కళాకారిణికి దొరుకుతుంది?

మర్నాడు మండలి సమీక్ష. భుజంగరావు గారి పక్కన పరీక్షల నియంత్రణాధికారిణి మాణిక్యాంబ గారు కూర్చున్నారు. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో ఒక్క ప్రశ్నపత్రం కూడా లీకవనివ్వలేదని పేరు. లీకైన మూడూ ఆవిడ సెలవులో ఉన్నప్పటివట. వీడియో అయిపోయాక ఆవిడ కలం మూత తీశారు.

"బాగుంది. మార్కులెన్ని?"

"దేనికండీ?"

"ఆ కాకికి."

"మార్కులు లేవండీ. పిల్లలు విని, ఎప్పుడో ఒకప్పుడు మాట్లాడతారని..."

"ఎప్పుడో ఒకప్పుడు అన్న గడువు ఏ నిబంధనలో ఉందమ్మా? మాట్లాడ్డాన్ని కొలవలేం. కొలవలేనిదాన్ని నేర్పకూడదు. మీకు ఫ్రెంచిలో తొంభై ఎనిమిది కదా? రెండేళ్లలో ఒక్కసారి మాట్లాడారా?"

"లేదండీ."

"మరి? మాట్లాడకుండానే వచ్చాయి కదా. ఉన్న పద్ధతిని ఎందుకు పాడుచేస్తారు?"

నేనే ఆవిడకు సాక్ష్యం.

భుజంగరావు గారు తీర్మానం చెప్పి రాయించారు: "భాషణము సిలబస్ పరిధిలోకి రాదు గనుక తొలగించడమైనది. కాకి ఏ శాఖ పరిధిలోకి వచ్చునో తేలనందున తొలగించడమైనది. అభ్యర్థులు రాయలేరు గనుక బహుళైచ్ఛిక పద్ధతి అమలు చేయడమైనది."

ఆ పద్ధతి ఇది. హాల్లో నాలుగు చాపలు పరుస్తారు. ఎ ఎరుపు, బి నీలం, సి పసుపు, డి ఆకుపచ్చ. అధికారి ప్రశ్న చదువుతారు. శిశువు పాక్కుంటూ వెళ్లి ఏ చాప ఎక్కితే అదే జవాబు. పిల్లలకు ఏకాగ్రత తక్కువని డాక్టర్లు చెప్పినందువల్ల ఒకటే ప్రశ్న, నూరు మార్కులు: "ఫ్రెంచి భాషలో పగటిపూట నమస్కారమును ఏమందురు?" సరైన జవాబు సి. ఆ జవాబు చాప మీద రాసి ఉంటుంది. చదవడం రాని వాళ్లకు అన్యాయం జరగకూడదని, అది పసుపు చాప అన్న సంగతి వీడియోలోనే ముందుగా చెప్పేయాలని నిర్ణయించారు.

అలా వీడియోలోంచి ఒక్కొక్కటీ వెళ్లిపోయింది. ముందు కాకమ్మ, తర్వాత నేను, ఆ తర్వాత, చాప మీది నుంచి పిల్లల ధ్యాస మళ్లిస్తోందని బోంజూర్. చివరికి మిగిలింది ఇరవై నిమిషాల పసుపు చాప. కదలదు, మెదలదు. ఇమ్మానుయేలు పట్టుబట్టి దాని మీద గులాబీ రేకలు మాత్రం వేశాడు.

"మేడం గారూ, పెళ్లికూతురు రాని పెళ్లి వీడియోలా ఉందండీ," అన్నాడు చూసుకుని.

కానీ ఊరు దాన్ని నెత్తిన పెట్టుకుంది. రెండు వారాల్లో వీధివీధినా పాకుడు శిక్షణ కేంద్రాలు వెలిశాయి. "సి చాపలో పద్నాలుగేళ్ల అనుభవం" అని ఒక బోర్డు. మండలి పుట్టి ఆరు నెలలైంది. "పాకని వారికి బ్రిడ్జి కోర్సు. నడిచే వారికి తిరిగి పాకుట నేర్పబడును," అని ఇంకోటి. వారం వారం మాదిరి పరీక్షలు పెట్టారు. కూడలిలో కట్టిన పెద్ద ఫ్లెక్సీలో పన్నెండు మంది పసిపిల్లలు బోసినోళ్లతో నవ్వుతున్నారు, ఒక్కొక్కరి కింద ఎన్ని సెకన్లలో చాప ఎక్కారో అంకెలతో సహా. ఒకరు నిద్రపోతూ ఉన్నారు. ఆ పాపదే మొదటి ర్యాంకు.

కుసుమ ఒక సాయంత్రం మేఘనను చంకనేసుకుని పైకొచ్చింది.

"హైమక్కా, నీ చాప వీడియో పెడితే నా పిల్ల ఫోను బోర్లించి దాని మీద కూర్చుంటాంది. పక్కింటోళ్ల పిల్లాడు నాలుగు సెకన్లకి ఎక్కుతున్నాడంట. ఇదేమో ఎక్కడికి పోయినా కాకి కోసమే ఎతుకుతాంది. ఆ కాకి వీడియో ఉందిగా, అదే పెట్టు, కాసేపన్నా నా ప్రాణం తీయకుండా ఉంటది."

"అది రద్దయింది కుసుమా."

"మీ ఆఫీసులో రద్దయింది. మీ ఇంట్లో ఉందిగా?"

ఉంది. కాకమ్మ కూడా ఉంది, వంటింటి మేకుకు. మురారి దాన్ని చేతికి తొడుక్కుని కిటికీ వెనక నిలబడ్డారు. ఆ రోజు నుంచి రోజూ కాఫీ వేళకు మేఘన రావడం, కాకమ్మ బోంజూర్ చెప్పడం అలవాటైంది. భూగర్భ జలాల శాఖలో పనిచేసే మనిషికి అంత మంచి కాకి గొంతు ఉంటుందని పెళ్లిచూపుల్లో ఎవరూ చెప్పలేదు.

పరీక్ష రోజు వచ్చింది. ఉదయం పది గంటలకు. ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి అనుమతి లేదు. గేటు దగ్గర డైపర్లు తనిఖీ చేశారు. పాలసీసాలు పారదర్శకంగా ఉండాలన్నారు. చుట్టూ రెండు వందల గజాల దాకా గిలక్కాయల దుకాణాలు మూయించారు. హాల్ టికెట్ మీద సంతకం దగ్గర అందరివీ కాలి ముద్రలే. గేటు బయట తండ్రులు గోడెక్కి "పసుపు నాన్నా, పసుపు!" అని అరుస్తుంటే పోలీసులు దింపుతున్నారు.

నేను భాషా నిపుణురాలి హోదాలో చాపలకు అవతల నిలబడ్డాను. ఆ ఉదయం మురారి నా చీర కుచ్చిళ్లు సర్దుతూ, "నూటికి నూరు," అన్నారు. ఇద్దరం నవ్వాం గానీ, ఇద్దరికీ పార్వతీపురం బస్సు కనిపించింది.

ముప్ఫై తొమ్మిది మంది వచ్చారు, ముప్ఫై తొమ్మిది మందీ తిన్నగా పాకి పసుపు చాప ఎక్కారు. ఒకడు ఎక్కి అక్కడే తడిపాడు. ఆ కారణంగా మార్కులు తగ్గించరాదని మాణిక్యాంబ గారు తీర్పు చెప్పి, చాప మార్పించారు. ఇక మిగిలింది మేఘన.

"ఫ్రెంచి భాషలో పగటిపూట నమస్కారమును ఏమందురు?" అని మాణిక్యాంబ గారు నలభైయోసారి చదివారు.

మేఘన కూర్చుని చాపల వంక చూసింది. తర్వాత నన్ను చూసింది. దాని మొహం విచ్చుకుంది. ఎరుపు, నీలం మధ్య ఖాళీలోంచి పాక్కుంటూ వచ్చి, ఏ చాపా తాకకుండా, నా కుచ్చిళ్లు పట్టుకుని లేచి నిలబడింది. తల పైకెత్తి, హాలంతా వినపడేలా, "బోంజూ!" అంది.

మాణిక్యాంబ గారు కళ్లజోడు తుడుచుకుని వచ్చారు.

"అభ్యర్థిని ఏదో అంది. నిపుణురాలు చెప్పాలి. అర్థంలేని ధ్వని అయితే ఏడుపు కింద పరిగణించి రెండో అవకాశం ఇస్తాం. తల్లి తీసుకెళ్లి పసుపు చాప మీద కూర్చోబెట్టవచ్చు. భాష అయితే హాల్లో భాషణం గనుక మాల్‌ప్రాక్టీసు. డిబార్. ఏది?"

నా చేతిలో రిజిస్టరు. అర్థంలేని ధ్వని అని రెండు మాటలు రాస్తే చాలు. నూటికి నూరు. గుమ్మం మీద రెండు కాఫీ గ్లాసులు, ఒక గ్లాసులో రెండు బ్రష్షులు, అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. ఫ్రెంచి తెలిసిన మనిషి ఆ హాల్లో ఇంకెవరూ లేరు. నాకూ రాదని చెప్పాను కదా.

మేఘన నా కుచ్చిళ్లు గుంజింది. జవాబు చెప్పలేదని దానికి కోపం వచ్చింది. "బోంజూ!" అంది మళ్లీ. కాకమ్మ ఎప్పుడూ దానికి జవాబు ఎగ్గొట్టలేదు.

"బోంజూర్ మేఘనా," అన్నాను. తర్వాత మాణిక్యాంబ గారితో, "ఫ్రెంచేనండీ. పదిహేను నెలల పిల్లకి చక్కటి ఫ్రెంచి," అన్నాను.

అరగంటలో నన్ను గదిలోకి పిలిచారు. రద్దయిన వీడియో ఇంట్లో వేశానని, కాకి అక్రమంగా వంటింట్లో ఉందని ఒప్పుకున్నాను. భుజంగరావు గారు నా డిప్యుటేషన్ ఉత్తర్వు బయటికి తీశారు.

"హైమవతి గారూ, మిమ్మల్ని తిప్పి పంపడం ఒక నిమిషం పని. కానీ కారణం రాయాలి. ఒక శిశువు ఫ్రెంచి నేర్చుకున్నది అని రాస్తే, మిగతా ముప్ఫై తొమ్మిది మంది ఏం నేర్చుకున్నారు అనే ప్రశ్న ఉత్పన్నమవుతుంది."

"ఉత్పన్నం కాకూడదు," అన్నారు మాణిక్యాంబ గారు. రిజిస్టరు లాక్కుని మేఘన పేరుకు ఎదురుగా 'గైర్హాజరు' అని రాశారు. "హాజరైనవారు ముప్ఫై తొమ్మిది. ఉత్తీర్ణులు ముప్ఫై తొమ్మిది. నూటికి నూరు."

"కానీ పాప వచ్చిందండీ. నా చీర పట్టుకుంది."

"చీర రికార్డులో లేదు."

భుజంగరావు గారి మొహం తేటపడింది. ఆయనకు ఆలోచన వచ్చినప్పుడు బల్ల మీద పేపర్ వెయిట్ తిప్పుతారు. తిప్పారు.

"అసలు లోపం ఇళ్లలో ఉంది. శిశువు మన దగ్గరకు వచ్చేసరికే ఎవరో ఒకరు దానితో మాట్లాడేస్తున్నారు. మాటలు వినకముందే చేర్చుకోవాలి."

"పుట్టగానేనా అండీ?"

"పుట్టాక ఆలస్యమమ్మా. ఆసుపత్రిలో నర్సులు మాట్లాడతారు. ఇకనుంచి నూతన దంపతులనే నేరుగా నమోదు చేద్దాం. ఫౌండేషన్ బ్యాచి." పేపర్ వెయిట్ ఆగింది. "మీకు పెళ్లయి ఎన్నాళ్లయింది?"

"నూట ముప్ఫై ఒక్క రోజులండీ."

"శుభం. నమోదు సంఖ్య ఒకటి. రేపు ఉదయం పది గంటలకు భర్త సమేతంగా, రెండేసి ఫొటోలతో హాజరు కండి. సదరు అభ్యర్థి ఫలితాలు వెలువడే వరకు మీ డిప్యుటేషన్ పొడిగించడమైనది."

"సదరు అభ్యర్థి ఇంకా లేరండీ," అన్నాను, చెవులదాకా ఎర్రబడి.

"అందుకే గడువు వేయలేదు," అన్నారాయన.

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. ఆటో అతను రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు, ఎందుకు నవ్వుతున్నానా అని. మురారి గుమ్మంలో కూర్చుని ఉన్నారు, కాఫీ గ్లాసులు రెండూ ఖాళీగా పక్కన పెట్టుకుని. బస్సు వేళలు చూసి ఉంచారట. విషయమంతా విన్నాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "హాల్ టికెట్ మీద కాలిముద్ర ఎవరిది వేయాలి?"

"నీది వెయ్యి బావా," అంది కుసుమ, మెట్ల మీంచే. ఆమె చేతిలో మేఘన ఫలితం కాగితం ఉంది. 'గైర్హాజరు' అన్న మాటను మేఘన అప్పటికే సగం నమిలేసింది. "పోతే పోయింది లే హైమక్కా. అది పొద్దున్నించీ పాలవాడికీ, పిల్లికీ, ఫ్రిజ్జుకీ అందరికీ బోంజూలే. ఇంతకీ దానికి రెండో మాట ఎప్పుడు నేర్పుతారు?"

మురారి లేచి వెళ్లి మేకు మీంచి కాకమ్మను, దండెం మీంచి రెండో మేజోడును తెచ్చారు. సూదీ, రెండు గుండీలూ నా ఒళ్లో పెట్టారు. ఇమ్మానుయేలుకు ఫోను చేశాను. "రేకలుంటేనే వస్తానండీ," అన్నాడు. ఉంటాయన్నాను.

నమోదు రేపు పదింటికి. మండలి మా ఇంటికి ఆటోలో పది నిమిషాలు. మేఘనను తొమ్మిదింటికే పైకి తీసుకురమ్మన్నాను. కాకమ్మకు తోడొచ్చింది కదా, రేపు ఆ ఇద్దరూ ఒకరికొకరు థాంక్స్ బదులు మెర్సీ చెప్పుకుంటారు.